పేరులో పోయిన పాదాలు

హేలాపురి రాజ్యానికి ఒకప్పుడు ఎన్నడూ వినని ఆపద వచ్చిపడింది. ఆ గడ్డ మీద పుట్టిన మనిషికిగానీ పశువుకుగానీ ఒకచోట కుదురుగా నిలవడం సాధ్యమయ్యేది కాదు.

కూర్చున్నవాళ్లకు అరికాళ్లలో చీమలు పాకినట్టయ్యేది. నాలుగు గుక్కల నీళ్లు తాగేలోపల లేచి నడవాల్సిందే. కుమ్మరి సారె తిప్పేవాడు, కానీ మట్టి కుండగా మారకముందే లేచిపోయేవాడు. ఆవులు పాలు పితకనిచ్చేవి కావు. కోళ్లు పొదగకపోవడంతో గుడ్లన్నీ మురిగిపోయాయి. తల్లులు నడుస్తూనే పిల్లలకు పాలిచ్చేవారు. మనుషులు ఒకరి భుజం మీద ఒకరు తల ఆనించుకుని, నడుస్తూనే కునుకు తీసేవారు. రాజైన ఉదయకేతు సింహాసనం చుట్టూ తిరుగుతూ తీర్పులు చెబుతుంటే, మంత్రులు అతని వెనక గుంపుగా తిరుగుతూ తలలూపేవారు. నెల తిరిగేసరికి ముసలివాళ్లు ఒక్కొక్కరే దారిలో కూలబడి, కూలబడిన చోట కూడా ఉండలేక పాకసాగారు.

ఇదంతా ఒక పేరు వల్ల జరిగింది. ఆ పేరు పెట్టినవాడు శ్రుతధరుడు. అతని కూతురు కువలయకు అప్పటికి పదిహేనేళ్లు.

హేలాపురిలో నామకర్త అనే పదవి ఒకటి ఉండేది. పూర్వం వల్కలమ్మ అనే తపస్విని ఆ రాజ్యానికి ఒక గంటం ఇచ్చింది. ఆ గంటంతో రాగిరేకు మీద ఏ జంతువుకు ఏ పేరు చెక్కితే ఆ పేరు ఆ జాతి మొత్తానికీ ఒంటబట్టేది. పేరులో ఏముంటే ఒంట్లో అదే ఉండితీరేది. అందుకని నామకర్తలకు ఒక నియమం ఉండేది. ప్రాణంతో ఉన్న జంతువు ఎదుట పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకే వరకు కూర్చుని చూడాలి. ఆ తరువాతే గంటం పట్టాలి.

ఆ పేర్లను రోమకుల పాత భాషలో చెక్కేవారు. హేలాపురి రేవుకు పదహారు దేశాల ఓడలు వచ్చేవి. ఒకే పిట్టను పదహారు పేర్లతో పిలిచి వర్తకులు తగవులాడుకునేవారు. రోమకుల భాషను ఇప్పుడు ఏ వీధిలోనూ ఎవరూ మాట్లాడరు. నలుగురి నోళ్లలో నానని భాషకు మార్పు ఉండదు గనుక, పేర్లకు అదే మేలని పెద్దలు నిర్ణయించారు. ప్రతి పేరులోనూ రెండు మాటలుండేవి. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత ఉన్నట్టే, జంతువులకూ ముందు ఇంటిపేరు, తరువాత సొంతపేరు.

కువలయ చిన్నప్పుడు ఒక రేకు చదివి తండ్రిని అడిగింది. "నాన్నా, మన ఊరకాకిని 'కార్వస్ స్ప్లెండెన్స్' అన్నారు. అంటే మెరిసే కాకి అని కదా? కాకి మెరవడమేమిటి?"

శ్రుతధరుడు నవ్వి ఆమెను పెరట్లో కూర్చోబెట్టాడు. "పొద్దుటి నుంచి చూడు తల్లీ, తరువాత అడుగు" అన్నాడు. ఏటవాలు ఎండ పడేసరికి కాకి రెక్కల మీద నీలం, ఊదా రంగులు పట్టుబట్టలా తళతళలాడాయి. కువలయ నోరు తెరుచుకుని చూసింది. చూడడం ఎంత పెద్ద పనో ఆమెకు ఆ రోజే తెలిసింది.

అలాంటి శ్రుతధరుడే ఒకరోజు తొందరపడ్డాడు.

రాజు పట్టాభిషేకం జరిగి పదేళ్లయిన సందర్భంలో నిండుసభ జరుగుతున్నది. తూర్పు దీవుల వర్తకులు ఒక ఎండిన పక్షి చర్మాన్ని కానుకగా తెచ్చారు. పక్కల నుంచి బంగారు పొగలాగా జాలువారే ఈకలు. మెడ కింద పచ్చని మెరుపు. సభంతా నిశ్చేష్టమైపోయింది.

"శ్రుతధరా, దీనికి ఇప్పుడే పేరు చెక్కు. రాయబారులందరూ చూస్తున్నారు" అన్నాడు రాజు.

"మహారాజా, ప్రాణంతో ఉన్న పక్షిని చూడనిదే..."

"హేలాపురి నామకర్తకు పేరు తోచలేదని పదహారు దేశాలూ చెప్పుకోవాలా?"

శ్రుతధరుడు చర్మాన్ని తిరగేసి చూశాడు. కాళ్లు కనిపించలేదు. రాగిరేకు పట్టుకుని పక్కనే నిలబడిన కువలయ మాత్రం పొట్ట కింద సన్నని కుట్టు ఒకటి చూసింది. ఎవరో కాళ్లు కోసేసి, ఆ చోటు కనబడకుండా దారంతో కుట్టారు. చెబుదామని నోరు తెరిచింది. సభ నిండా కళ్లు. ఆ కళ్ల ఎదుట నాన్నను తప్పు పట్టడమెలా అనుకుని నోరు మూసుకుంది.

'పారడిసియా అపోడా' అని శ్రుతధరుడు చెక్కాడు. పారడిసియా అంటే స్వర్గవనపు పక్షి. ఆ మాట మొదట పారసీకులది, గోడ కట్టిన తోట అని దాని అర్థం. అపోడా అంటే పాదాలు లేనిది. అది రోమకులు తమ పొరుగువారైన యవనుల దగ్గర తెచ్చుకున్న మాట. వాళ్ల 'పొడ'కూ మన 'పాదా'నికీ చుట్టరికం ఉంది. 'అ' అన్న అక్షరం ముందు చేరితే అక్కడైనా ఇక్కడైనా లేదనే అర్థం. ఒక్క అక్షరంతో ఒక జాతి కాళ్లన్నీ పోయాయి.

తొమ్మిదోనాటికి బంగారు ఈకల పక్షి ఒకటి కోట మీద గిరికీలు కొట్టింది. వాలడానికి దానికి కాళ్లు లేవు. రెక్కలు చితికి, గొంతు పగిలి అది ఇలా అరిచింది:

"చూడకుండా పేరు పెట్టి నాకు నిలిచే చోటు లేకుండా చేశారు! నేను వాలే వరకు మీరూ నిలవలేరు!"

అలా అరిచి అది ఉత్తరంగా ఎగిరిపోయింది. ఆ క్షణంలోనే సభలో అందరూ దిగ్గున లేచి నడవసాగారు.

శ్రుతధరుడు ఆ పేరును ఆకురాయితో గీకాడు, నిప్పుల్లో పెట్టాడు. రాగి కరిగి, మళ్లీ అవే అక్షరాలతో గట్టిపడింది. రాజు కోపం పట్టలేకపోయాడు. "మూడు పున్నములు గడువిస్తున్నాను. ఆలోగా శాపం పోకపోతే నిన్ను బురుజు మీద నుంచి తోయిస్తాను" అని, అతణ్ణి పేర్ల రేకులు దాచే నామశాలలో పెట్టి తాళం వేయించాడు. లోపల అతను రేకుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

కువలయ కిటికీ దగ్గరికి వచ్చింది. ఇటు ఆమె, అటు తండ్రి, గోడ వెంబడి నడుస్తూ మాట్లాడుకున్నారు.

"నేను వల్కలమ్మను వెతుక్కుంటూ వెళ్తాను నాన్నా."

"వద్దమ్మా. తప్పు నాది."

"కుట్టు నేను చూశాను. అయినా నోరు మెదపలేదు. నాది కాదంటే ఎలా?"

శ్రుతధరుడు ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి కూతురి తల నిమిరి, అలా నిమురుతూనే ముందుకు సాగిపోయాడు.

కువలయ ఉత్తరపు అడవిలో ప్రవేశించింది. నడక ఆమెకు కష్టం కాలేదు, ఆగడమే కష్టం. నిద్ర ముంచుకొచ్చినప్పుడు నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస చెట్టుకు కట్టి, దాని చుట్టూ తిరుగుతూనే కళ్లు మూసుకునేది. మెలకువ వచ్చేసరికి తాడంతా మానుకు చుట్టుకుపోయి, ముక్కు బెరడుకు తగిలేది. కాయలు కోసుకుంటూనే నడిచింది, నములుతూనే నడిచింది. మొదటి పున్నమి అడవిలోనే దాటిపోయింది.

ఒకనాటి ఉదయం ఒక ఎలుగుబంటి చెదలపుట్ట తవ్వి, మూతి లోపలికి దూర్చి, బుస్సుమని చెదపురుగులను పీలుస్తున్నది. కువలయ అడుగుల చప్పుడుకు అది తల ఎత్తింది. మూతి నిండా మట్టి.

"నిలబడు!" అని గర్జించింది.

"నిలబడలేను, మన్నించు" అంటూ కువలయ పుట్ట చుట్టూ తిరగసాగింది.

ఎలుగుబంటి తలను ఆమెతోపాటే తిప్పీ తిప్పీ విసిగిపోయింది. "నువ్వు హేలాపురి దానివా? మీ పేర్ల పిచ్చి వల్ల మావాళ్లు ఏడేళ్లు కొమ్మలకు తలకిందులుగా వేలాడారు, తెలుసా? నా పేరుకు అర్థం చెప్పు. సరిగ్గా చెబితే పోనిస్తాను. లేదా నా గోళ్లు చూశావుగా!"

కువలయ నడుస్తూనే ఆలోచించింది. నామశాలలో చదివిన రేకు కళ్ల ముందు మెదిలింది. "నీ ఇంటిపేరు మెలుర్సస్. 'మెల్' అంటే తేనె. 'ఉర్సస్' అంటే ఎలుగు. మన పెద్దలు ఋక్షమన్నదీ రోమకులు ఉర్సస్ అన్నదీ ఒక తల్లి బిడ్డలే. నీ సొంతపేరు ఉర్సినస్, అంటే ఎలుగును పోలినది."

"ఎలుగునైన నేను ఎలుగును పోలడమేమిటి?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు."

ఎలుగుబంటి కోపం కాస్త చల్లారింది. "నేను చెబుతాను విను. పూర్వం మీ నామకర్త ఒకడు నా పొడుగాటి గోళ్లు, ఊడిన ముందుపళ్లు చూశాడు. చెట్లకు వేలాడే మందకొడి జంతువేదో దూరదేశంలో ఉందట. నన్నూ ఆ ఇంట్లో కలిపేసి 'బ్రాడిపస్ ఉర్సినస్' అన్నాడు. ఎలుగులా కనబడే మెల్లకాళ్లది అని! ఆ రోజు నుంచి మేం తేనె మానేసి కొమ్మలకు వేలాడాం. తరువాత మీ ముత్తాత వచ్చి, పొద్దంతా కూర్చుని చూసి, మా ఇంటిపేరు మార్చి చెక్కాడు."

కువలయ ముఖం వెలిగింది. "అయితే పేరు మార్చవచ్చన్నమాట!"

"ఇంటిపేరు మారుతుంది. ఎవరు ఎవరి చుట్టమో తెలిసేకొద్దీ మార్చుకోవచ్చు. సొంతపేరు మాత్రం మొదట ఏది పడితే అదే. అందుకే ఇప్పటికీ నేను ఎలుగును పోలిన తేనె ఎలుగును."

పక్షికి పాదాలు పోయింది ఇంటిపేరైన పారడిసియాలో కాదు, సొంతపేరైన అపోడాలో. వాడిపోయిన కువలయ ముఖం చూసి ఎలుగుబంటి మెత్తబడింది. "వల్కలమ్మ కొండ ఈ అడవి చివరన ఉంది. నడుమ లోయ ఉంది. దాని మీద వంతెన ఉంది. ఆ వంతెన దండబాహుడు అనే రాక్షసుడి చేతిలో ఉంది. జాగ్రత్త, అమ్మాయ్" అని మళ్లీ మూతి పుట్టలో దూర్చింది.

రాక్షసుడు లోయ అంచున కూర్చుని ఉన్నాడు. వంతెన అంటే ఒక పొడవాటి బండ. దాన్ని కర్రముక్కలాగా ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. అతని చేతులు తాటిమానుల్లా ఉన్నాయి.

"ఏయ్ పిల్లా! ఈ చేతులకు తగిన పేరు చెప్పి దాటు. వచ్చినవాళ్లంతా వజ్రబాహుడు, గిరిబాహుడు అని పాడిన పాటే పాడి నన్ను విసిగించారు. వాళ్లను మింగేశాను. కొత్తది చెప్పు!"

కువలయ అంచు వెంట అటూ ఇటూ తిరుగుతున్నది. ఆమెకు భయం వేస్తున్నది, కాళ్లు ఆగడం లేదు, పొగడ్తలేవీ తోచడం లేదు. చివరకు నిజమే చెప్పింది.

"నీ చేయి మడిచి కండ ఉబ్బించు, చెబుతాను."

దండబాహుడు చేయి మడిచాడు. దండ మీద కండ గుండ్రంగా లేచి చర్మం కింద కదిలింది.

"దాన్ని రోమకులు మస్క్యులస్ అంటారు."

"అంటే? ఏనుగా? ఐరావతమా?"

"చిట్టెలుక."

లోయలో ప్రతిధ్వని పుట్టేలా రాక్షసుడు అరిచాడు. "ఏమిటీ!"

"అబద్ధం కాదు. మన మూషికానికీ వాళ్ల 'మూస్'కూ మూలం ఒకటే. మస్క్యులస్ అంటే చిన్న మూస్. మన ఇళ్లలో తిరిగే ఎలుక పేరు మూస్ మస్క్యులస్. ఆ కాలంలో ఎవరో చేయి మడిచి చూసుకుంటే, చర్మం కింద ఎలుక పరుగెత్తినట్టు కనబడిందట. కావాలంటే నువ్వే చూసుకో."

దండబాహుడు పళ్లు కొరుకుతూ చేయి చాచాడు, మడిచాడు. మళ్లీ చాచాడు, మళ్లీ మడిచాడు. అతని కళ్లు పెద్దవయ్యాయి. "ఓరి! నిజమే! పరుగెత్తుతోంది!" రెండో చేయి మడిచాడు. "ఇందులోనూ ఉంది!" అని చంటిపిల్లాడిలా నవ్వాడు. వందేళ్లుగా ఆ లోయ అంచున ఒంటరిగా కూర్చున్నవాడికి ఒక్కసారిగా రెండు పెంపుడు ఎలుకలు దొరికాయి.

"వీటికి ఏం పెట్టాలి?" అని గుసగుసగా అడిగాడు.

"పని పెట్టు. పని లేకపోతే చిక్కిపోతాయి. ముందు ఆ బండ ఎత్తి లోయ మీద వెయ్యి."

రాక్షసుడు ఎంతో జాగ్రత్తగా, ఎలుకలు ఎటు పోతున్నాయో చూసుకుంటూ, బండను లోయకు అడ్డంగా వేశాడు. కువలయ పరుగున దాటింది.

కొండ ఎక్కేసరికి రెండో పున్నమి కూడా వెళ్లిపోయింది. నారచీర కట్టుకున్న ముసలామె ఒకతె గుహ ముందు వరిగడ్డి పేనుతున్నది. ఆమే వల్కలమ్మ. కువలయ ఆమె చుట్టూ ప్రదక్షిణంలా తిరుగుతూనే జరిగినదంతా చెప్పింది. కుట్టు సంగతి కూడా దాచలేదు.

"పేరు చెరపడం నా వల్ల కూడా కాదమ్మా. ఒకసారి చెక్కిన పేరు చెరిపే వీలుంటే, రాజు మారినప్పుడల్లా కాకి పేరు మారిపోతుంది" అంది వల్కలమ్మ.

"అయితే ఆ పక్షికి దారేది అవ్వా?"

"పేరు కింద ఖాళీ రాగి ఉంటుంది, చూశావా? అది సాక్ష్యం కోసం ఉంచింది. పక్షిని నిజంగా చూసినవాళ్లు, చూసింది చూసినట్టు అక్కడ చెక్కితే, పేరు పేరుగా మిగులుతుంది. ఒళ్లు మాత్రం సాక్ష్యం మాటే వింటుంది. ఈ కొండ వెనక లోయలో ఆ పక్షి తిరుగుతోంది. పొద్దు పొడుపు నుంచి పొద్దు గుంకే దాకా కదలకుండా కూర్చుని చూసిరా."

కువలయ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాలుగు గుక్కలు తాగేంతసేపు కూడా నేను కూర్చోలేను."

"తెలుసు. దానికి నా దగ్గర మందు లేదు" అని వల్కలమ్మ గడ్డి పేనుకుంటూ ఉండిపోయింది.

లోయలో ఆకులు రాలిన మాను ఒకటుంది. దాని మీద బంగారు పక్షి గిరికీలు కొడుతున్నది. ఈకలు సగం రాలిపోయాయి. గాలిలోనే పురుగులను పట్టి తింటున్నది. గాలిలోనే, ఏటవాలుగా తేలుతూ కళ్లు మూసుకుంటున్నది.

మొదటిరోజు కువలయ మాను కింద కూర్చుని పిడికిళ్లు బిగించింది. అరికాళ్లలో చీమలు పాకాయి, తరువాత నిప్పులు పోసినట్టయింది. లేచి పరుగెత్తింది. రెండోరోజు మోకాళ్ల దాకా మట్టిలో గొయ్యి తీసి కాళ్లు పాతుకుంది. మధ్యాహ్నం కాకముందే గోళ్లు విరిగేలా మట్టి తవ్వుకుని బయటపడింది. ఆ సాయంకాలమంతా లోయలో తిరుగుతూ ఏడ్చింది. తండ్రి కూడా ఇలాగే నామశాలలో తిరుగుతూ ఉంటాడు. మూడో పున్నమిలోగా తిరిగి చేరాలంటే ఇక్కడ ఉండగలిగే రోజులు ఇక ఎన్నో లేవు.

మూడోరోజు సూర్యుడు రాకముందే వచ్చి కూర్చుంది. ఈసారి కాళ్లతో పోట్లాడలేదు. తల ఎత్తి పక్షిని చూసింది. రెండురోజులూ తన కాళ్లనే చూసుకుంది తప్ప పక్షిని చూడనేలేదని అప్పుడు తట్టింది.

"తల పసుపు రంగు" అని పైకి అంది. చీమలు ఒక క్షణం ఆగాయి.

"మెడ కింద పచ్చదనం, చిలకపచ్చ కాదు, లేత అరిటాకు మీద మంచు పడినట్టుంది. వీపు ముదురు గోధుమ రంగు. ముక్కు నీలం, కొసన బూడిద రంగు."

చూసినదాన్ని చూసినట్టు చెప్పినప్పుడల్లా కాళ్లు కాసేపు ఊరుకునేవి. ఆపితే మళ్లీ మంట. అందుకని ఆమె ఆపలేదు. ఒక్కొక్క ఈకే చెప్పింది. రెక్క ఎన్నిసార్లు ఆడుతుందో చెప్పింది. ఎడమరెక్కలో మూడో ఈక విరిగిందని చెప్పింది. ఎండ నడినెత్తికి వచ్చింది. నోరు ఎండిపోయింది. ఎండ వాలింది. చెప్పడానికి ఇక ఏమీ మిగలలేదు. మంట తొడల దాకా పాకింది. ఇంకొక క్షణమైతే లేచేదే.

అప్పుడు మిగిలిన ఒక్క నిజమూ చెప్పింది.

"నీ పొట్ట కింద కుట్టు ఉండడం నేను సభలో చూశాను. అంటే, నీ వాళ్లలో ఒకరిది. నీకు కాళ్లున్నాయని నాకు ఆ రోజే తెలుసు. సిగ్గుపడి చెప్పలేదు."

పక్షి గిరికీ ఆగింది. "కాళ్లు... ఉండేవా?" అని అడిగింది. గొంతు గరుకుగా ఉంది. "నాకే గుర్తు లేదు. లేవు లేవు అని ఒళ్లంతా చెబుతోంది."

"నా చేతి మీద వాలి చూడు."

"పడిపోతాను."

"పడితే పట్టుకుంటాను. నేను కదలను." కువలయ కుడిచేయి కొమ్మలాగా చాచింది. ఒళ్లంతా లేచి పరుగెత్తమంటున్నది. చేయి మాత్రం చాచినట్టే ఉంది. కొండ అంచున సూర్యుడు సగం మునిగాడు. పక్షి కిందికి వచ్చింది, భయపడి లేచింది, మళ్లీ వచ్చింది. రెక్కల గాలి ఆమె ముఖానికి తగిలింది.

చేతిమీద చురుక్కుమంది. ఎనిమిది సన్నని గోళ్లు చర్మంలో దిగాయి.

"వాలావు" అంది కువలయ, ఏడుస్తూ నవ్వుతూ. "ఇవి నీ గోళ్లే. ఇవి నీ కాళ్లే. చూడు!"

పక్షి తల వంచి తన కాళ్లను తానే చూసుకున్నది. కళ్లు మూసుకుని, ఆ చేతిమీదే నిద్రపోయింది. సూర్యుడు పూర్తిగా మునిగే వరకు కువలయ రక్తం కారుతున్న చేయి దించలేదు.

పక్షి భుజం మీద ఉండగా ఆమె తిరుగుప్రయాణం సాగించింది. పక్షి అప్పుడప్పుడూ ఉలిక్కిపడి, కాళ్లు లేవేమోనని గాలిలోకి లేచేది. "చెక్కే వరకు పేరు నన్ను వెనక్కి లాగుతూనే ఉంటుంది, మీ శాపమూ పోదు" అనేది. కువలయ చేయి చాచి మళ్లీ వాల్చుకునేది. దండబాహుడు చేతులు మడుచుకుంటూ దారి ఇచ్చాడు.

మూడో పున్నమి నాటి ఉదయం ఆమె హేలాపురి చేరింది. బురుజు కింద జనం గుంపులుగా తిరుగుతున్నారు. భటులు శ్రుతధరుణ్ణి మెట్లు ఎక్కిస్తున్నారు. బంగారు పక్షిని చూసి అందరూ దారి ఇచ్చారు.

"రాగిరేకు తెప్పించండి మహారాజా!" అని కువలయ అరిచింది.

రేకు వచ్చింది. గంటం వచ్చింది. ఆమె నడుస్తూనే తాను చెక్కబోయేది చదివి వినిపించింది. "ఈ పేరు చూడకుండా, తొందరపడి పెట్టినది. ఈ పక్షికి పాదాలున్నాయి. నా చేతిమీద వాలింది."

రాజు ముఖం ముడుచుకున్నాడు. "మొదటి ముక్క తీసెయ్యి. పాదాలున్నాయని చెక్కితే చాలు. రాయబారులు చదివితే నా సభకు తలవంపులు."

కువలయ ఆ ముక్క వదిలి చెక్కబోయింది. గంటం నూనె రాసినట్టు జారిపోయింది. రాగి మీద గీత కూడా పడలేదు. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ జారింది.

శ్రుతధరుడు భటుల చేతుల్లోంచి ముందుకు వచ్చాడు. "తప్పు నాది! తెలియదని చెప్పే ధైర్యం లేక చెక్కాను. నా పేరు పెట్టి రాయి తల్లీ" అని అందరూ వినేలా అన్నాడు.

కువలయ గంటం ఆనించింది. ఈసారి సన్నని గీత పడింది, కానీ లోతు దిగలేదు. అందరూ రాజు వంక చూశారు.

ఉదయకేతు తిరుగుతూ, తిరుగుతూ, తన ప్రజల వాచిన పాదాలను చూశాడు. కువలయతో అన్నాడు. "తొందరపెట్టింది నేను. అతను వద్దన్నా వినలేదు. అది కూడా రాయి."

గంటం వెన్నలో దిగినట్టు రాగిలో దిగింది. కువలయ తాను మాట్లాడకపోవడాన్ని కూడా చేర్చి, చివరి అక్షరం చెక్కింది. పక్షి ఆమె భుజం మీద నుంచి లేచి, కోట గోడ మీద వాలి, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసి చూసుకుంది. దూరదీవుల్లో దాని వాళ్లందరికీ ఆ క్షణంలోనే కాళ్లు తిరిగి వచ్చాయి.

హేలాపురి అంతటా ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. శ్రుతధరుడు బురుజు మెట్ల మీదే కూతురి ఒళ్లో తల పెట్టుకుని మూడురోజులు నిద్రపోయాడు.

లేచాక అతను గంటాన్ని కువలయ చేతికిచ్చాడు. రాజు ఆమెను నామకర్తగా నియమించి, ఏం కావాలో కోరుకోమన్నాడు. "నన్ను ఎవరూ తొందరపెట్టకూడదు" అని ఆమె కోరింది. అపోడా అన్న పేరు మాత్రం ఆ రేకు మీద అలాగే ఉంది. బడిపిల్లలు దాన్ని చదివి "కాళ్లున్న కాళ్లులేనిది!" అని నవ్వేవారు, తరువాత కింద ఉన్న చిన్న అక్షరాలు చదివి ఊరుకునేవారు.

కొన్నాళ్లకు జాలరి ఒకడు సభకు కుండ తెచ్చాడు. అందులో కళ్లు నెత్తిమీదున్న చేప ఒకటి ఉంది. అది నీళ్లలో ఉండక, కుండ అంచు మీదికి ఎక్కి, రెక్కల మీద గెంతుతూ సభంతా కలయచూస్తున్నది. ఆ రోజు కూడా సభలో పరదేశపు రాయబారులున్నారు.

"దీని పేరేమిటి?" అని అడిగాడు రాజు.

"ఇంకా తెలియదు మహారాజా" అంది కువలయ.

రాయబారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాజు కిరీటం తీసి పక్కన పెట్టాడు. సింహాసనం దిగి వచ్చి, ఆమె పక్కనే, కుండ ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అయితే చూద్దాం" అన్నాడు.